ఆ కంటె ఎవరిది?

కన్యాశుల్కం నాటకంలో పాత్రలతో సమానంగా పనిచేసే వస్తువు ఒకటుంది. అది మధురవాణి కంటె. లుబ్ధావధాన్లు పెళ్ళికి నగ కావలసి వస్తే రామప్పంతులు ఆ కంటెని ఎరువు తెస్తాడు. దాన్ని మెడలో పెట్టుకున్న పెళ్ళికూతురు నిజానికి కరటకశాస్త్రి శిష్యుడు, ఆడవేషం కట్టిన కుర్రాడు. ఆ మాయపెళ్ళికూతురు మాయమైపోతే కంటె కూడా పోతుంది. అక్కణ్ణించి మధురవాణి కంటె కోసం నిలదీస్తుంటే పంతులు పడే పాట్లు చూడాలి. ఎరువు సొమ్ము బరువు చేటని తెలుగువాళ్ళు ఏనాడో చెప్పుకున్న మాట అక్కడ అంకాల కొద్దీ నడుస్తుంది. నాటకం చదివినవాళ్ళని ఆ కంటె పనితనం ఎలాంటిదని అడిగితే చాలామంది చెప్పలేరు. అది ఎవరిది, ఎవరి చేతిమీదుగా ఎవరి మెడకి వెళ్ళింది, తిరిగి రాకపోతే ఎవరి పరువు పోతుంది అని అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతారు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి తిరగరాసిన ఆ నాటకంలో గురజాడ ఒక నగతో ఇంత పని చేయించుకున్నాడు.

కథలో మనుషులకి బట్టలూ నగలూ ఎంచడమంటే సాధారణంగా మనం వేరే పని చేస్తాం. పాత్ర పేరు రాసుకుని, పక్కన వయసు రాసుకుని, దానికి తగిన గుడ్డ తగిలిస్తాం. రైతుకి తెల్లపంచె, తలపాగా. గుమాస్తాకి మాసిన చొక్కా, జేబులో పెన్ను. మాస్టారికి కళ్ళజోడు, చంకలో గొడుగు. పల్లెటూరి పిల్లకి లంగా ఓణీ, కాళ్ళకి పట్టీలు. ధనవంతుడికి సిల్కు లాల్చీ, పది వేళ్ళకీ ఉంగరాలు. ఇది కిరాణా కొట్లో డబ్బాల మీద చీటీలు అంటించే పని. డబ్బాలో ఏముందో చీటీ చెబుతుంది కనుక డబ్బా మూత తీసే అవసరం ఎవరికీ రాదు. నా వాదన ఏమిటంటే, పాత్రకి బట్ట ఎంచేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఈ మనిషి ఎలాంటివాడు’ అన్నది కాదు, ‘ఈ బట్ట ఇతని ఒంటిమీదికి ఎలా వచ్చింది’ అన్నది. కొన్నదా, అడిగి తెచ్చుకున్నదా, తండ్రిదా, తాకట్టు విడిపించుకున్నదా, పెళ్ళిలో పెట్టినదా, ఎవరో వద్దని పడేసినదా? దీనికి జవాబు దొరికితే మనిషి ఎలాంటివాడో విడిగా చెప్పే పని చాలావరకు తప్పుతుంది.

దీన్ని నేటి సినిమావాళ్ళు కనిపెట్టిన సూక్ష్మం అనుకోనక్కర్లేదు. నాట్యశాస్త్రం వేషభూషల్ని ఆహార్యాభినయం అంది. అంటే బట్టా నగా రంగూ కూడా అభినయమే, నటుడు చేసే పనిలో భాగమే. నగల్ని కూడా ఆ గ్రంథం అందానికో ధరకో కాక అవి ఒంటికి పట్టే తీరుకి విడదీసింది. కుట్టించుకునేవి, కట్టుకునేవి, తొడుక్కునేవి, వేసుకునేవి అని నాలుగు. బరువైన నగలు నటుణ్ణి అలసట పెడతాయి కనుక లక్కతో చేసిన తేలిక నగలు వాడమని కూడా చెప్పింది. ఇక బట్టలు మూడు రకాలు: శుద్ధం, విచిత్రం, మలినం. మొదటి రెండూ చాలావరకు హోదానీ సందర్భాన్నీ బట్టి నడుస్తాయి. మూడోది దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మాసిన బట్ట పిచ్చివాడికి, మత్తులో ఉన్నవాడికి, దారి నడిచి అలసినవాడికి, కష్టంలో పడినవాడికి. వీళ్ళలో ఎవరూ ఒక కులానికో వృత్తికో చెందినవాళ్ళు కారు. మాసిన బట్ట అక్కడ మనిషి మీద జరిగిన సంగతికి సాక్ష్యం. నిన్న శుద్ధవస్త్రంలో ఉన్నవాడే ఇవాళ మలినంలో ఉండవచ్చు. రెండు వేల ఏళ్ళనాటి శాస్త్రం ఆ మూడోరకంలో దాచిపెట్టిన తెలివి మన కథలకి ఇంకా పూర్తిగా అందలేదు.

తెలుగు నవలలో ఈ తెలివికి నవ్వొచ్చే రుజువు మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’. మొగల్తూరు నుంచి బారిష్టరీ చదవడానికి ఇంగ్లండుకి బయల్దేరిన ఆ కుర్రవాడి సామాను ఒక్కటే చాలు అతణ్ణి మనకి పట్టివ్వడానికి. దారిలో దొర కావాలన్న ఆతృతతో అతను టోపీ కొంటాడు. తీరా అది ఆడవాళ్ళు పెట్టుకునే టోపీ. రచయిత అతణ్ణి ‘అమాయకుడు, పల్లెటూరివాడు’ అనుకుని నెత్తికి ఒక చీటీ తగిలించి ఊరుకుంటే ఆ చీటీ తలపాగా అయ్యేది. తలపాగాలో నవ్వూ లేదు, కథా లేదు. టోపీలో ఉంది, ఎందుకంటే దాన్ని అతనే ఎంచుకున్నాడు, డబ్బిచ్చాడు, పెట్టుకుని గర్వంగా నిలబడ్డాడు. అతను ఏం కావాలనుకుంటున్నాడో, దానికీ అతనికీ ఎంత దూరముందో ఆ టోపీయే చెప్పింది. పాత్రలు తామున్న స్థితికి తగిన బట్ట వేసుకోవడం అరుదు. చేరాలనుకున్న స్థితికి తగినది, లేదా జారిపోయిన స్థితిలో మిగిలినది వేసుకుంటారు. పరువుగల ఇంట్లో పాత జరీపంచె ఎన్నో ఏళ్ళు బతకడానికి కారణం అదే.

కూచిపూడి వారి సత్యభామ జడది ఇంకో దారి. భామాకలాపంలో సత్యభామ మనిషి కనపడక ముందే తెరమీదుగా జడ కనపడుతుంది. ఆ జడ ఒక సవాలు అని సంప్రదాయం చెబుతుంది. పాండిత్యంలో, ఆటలో తనని ఓడించగలవాడు ఎవరైనా ఉంటే వచ్చి దాన్ని కోయవచ్చు. ఒక అలంకారం పందెంగా మారడం ఇక్కడ చూస్తాం. కృష్ణుడితో సమానంగా తూగుతానన్న సత్యభామ అతిశయం మొత్తం ఆ జడ పొడుగున వేలాడుతుంది. దాన్ని వేసుకున్నది తరతరాలుగా మగవాడు. వేదాంతం సత్యనారాయణశర్మ లాంటి కళాకారులు సత్యభామగా చూపించిన ఒయ్యారం తెలిసినవాళ్ళకి జడ ఎవరి తలకి పుట్టిందన్న ప్రశ్నే తోచదు. జడని భుజం మీంచి ముందుకి తెచ్చి పట్టుకునే తీరులో ఆడతనం ఉంది, జడలో కాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. మన రంగస్థలం, బొమ్మలాట, పురాణ సినిమా అన్నీ గుర్తుల మీదే నడిచాయి కదా, చీటీలు లేకపోతే వెనక వరసలో కూర్చున్నవాడికి రాముడెవరో రావణుడెవరో ఎలా తెలుస్తుంది అని. నిజమే. నిమ్మలకుంట తోలుబొమ్మల్ని చూస్తే రంగూ కిరీటమూ ఆయుధమూ చూసే పాత్రని పోల్చుకుంటాం. పద్యనాటక సమాజాలకి కిరీటాలూ భుజకీర్తులూ అద్దెకిచ్చే దుకాణాల్లో దుర్యోధనుడి కిరీటం వేరు, కృష్ణుడి కిరీటం వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాలు ఊరూరా తిరిగాయి. ఊరు మారినా మనిషిని గుర్తుపట్టించే వేషం లేకపోతే ఆ బతుకు సాగదు. ఈ వాదనని నేను తీసిపారేయను. కానీ గుర్తుపట్టడం కథకి మొదటి మెట్టు మాత్రమే. అందరికీ ముందే తెలిసిన రాముణ్ణి గుర్తుపట్టించడానికి కిరీటం చాలు. ఎవరికీ తెలియని మనిషిని, ఇవాళే పుట్టిన పాత్రని, గుర్తుపట్టించడానికి ఏముంది? అతణ్ణి తెలుసుకోవాలి. పురాణపాత్రల పద్ధతిని సాంఘిక కథకి తెచ్చి అతికించినప్పుడే రైతులందరూ ఒకే రైతు అయ్యారు, అత్తలందరూ ఒకే అత్త అయ్యారు. పైగా తోలుబొమ్మలోనూ ఒక విశేషం ఉంది. దాని మీద నగలుగా మెరిసేవి అతికించిన తళుకులు కావు, తోలులో పొడిచిన రంధ్రాలు. వెనకనుంచి దీపం వెలిగితేనే అవి హారాలు, ఆరిపోతే తోలులో తూట్లు.

గుర్తుల్నే నమ్ముకున్న పురాణ సినిమా కూడా ఆ గుర్తుల్ని ఎంత చమత్కారంగా తిప్పగలదో 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ చూపించింది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులుగా ఉన్న ఆ సినిమాలో ఎన్టీఆర్ కృష్ణుడి రూపం ఎంత కుదిరిందంటే తర్వాత ఎన్నో తెలుగు ఇళ్ళలో క్యాలెండర్ కృష్ణుడికి ఆ మొహమే వచ్చింది. అది చీటీ సాధించిన గొప్ప విజయం, ఒప్పుకుంటాను. అయితే ఆ సినిమాలో జనం తలుచుకు తలుచుకు నవ్వేది మాయా శశిరేఖని చూసి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. అవే నగలు, అదే అలంకారం, అదే సావిత్రి. నడకలో, చూపులో, చెయ్యి విసిరే తీరులో మాత్రం ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు కనపడతాడు. ‘అహ నా పెళ్ళంట’ పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరినప్పుడు ఆ సుకుమారమైన అలంకారమే హాస్యంగా మారుతుంది. బట్టలే మనిషిని చెప్పేస్తే ఈ సన్నివేశం పుట్టేదే కాదు. బట్టకీ ఒంటికీ మధ్య జరిగే పోట్లాటే ఇక్కడ పాత్ర. అదే సినిమాకి 2010లో రంగులు అద్దారు. శశిరేఖ చీర ఏ రంగులో ఉండాలో అర్ధశతాబ్దం తర్వాత తేలిందన్నమాట! అన్నేళ్ళూ ఆ లోటు ఎవరికీ అడ్డు రాలేదు. ‘ఈ పాత్రకి ఏ రంగు బాగుంటుంది’ అని గంటలు గంటలు చర్చించేవాళ్ళు ఒకసారి దీన్ని తలుచుకోవడం మంచిది.

రచయితల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. సినిమాలో అయితే కెమెరా ముందు మనిషి బట్టల్లేకుండా నిలబడలేడు, కథలో ఆ బాధ లేదు కదా, చొక్కా సంగతి పాఠకుడి ఊహకి వదిలేస్తే సరిపోదా అంటారు. సగం వరకు సరిపోతుంది. తలనుంచి పాదం దాకా వర్ణించిన పాత్ర పాఠకుడికి దుకాణం అద్దాల వెనక బొమ్మలా కనపడుతుంది. అయితే కానన్ డాయల్ తన డిటెక్టివ్ హోమ్స్‌కి చెవులు మూసే టోపీ సంగతి ఒకటి రెండు చోట్ల, అదీ ప్రయాణాల్లో, అన్నాడంతే. 1891లో స్ట్రాండ్ పత్రికకి సిడ్నీ పేజెట్ దాన్ని వేటగాడి టోపీగా గీశాక, లండన్ వీధుల్లో కూడా హోమ్స్ నెత్తిన ఆ టోపీయే ఉన్నట్టు లోకం నమ్మింది. పాఠకుడి ఊహ అంత ఖాళీగా ఏమీ ఉండదన్నమాట. మనం ఏమీ ఇవ్వకపోతే అది బయట దొరికిన బొమ్మని తెచ్చి తగిలించుకుంటుంది, ఆ బొమ్మ చాలాసార్లు పాత సినిమా నుంచి వస్తుంది. అందుకని పాఠకుడికి అన్నీ ఇవ్వక్కర్లేదు గానీ ఒకటి ఇవ్వాలి, అదీ కథలో కదిలేది ఇవ్వాలి. మొదటి పేజీలో ఒక ఇల్లాలి మెడలో బంగారు గొలుసుకి పుస్తెలు ఉన్నాయి, నాలుగో పేజీలో అవి పసుపుతాడుకి ఉన్నాయి. ఇంత చాలు. అప్పు గురించి, షావుకారు గురించి, మొగుడి మొహమాటం గురించి పేరా రాసే పని తప్పుతుంది. ఆ తాడుకే రెండు పిన్నీసులు వేలాడుతుంటే ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో కూడా తెలుస్తుంది.

వచనంలో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని సినిమావాళ్ళు ఏం చేసినా అందుకోలేరు. కథలో బట్ట అంటే నూలు కాదు, మాట. ఒకడు చొక్కా వేసుకుంటే ఇంకొకడు అంగీ తొడుక్కుంటాడు. ఒకామె జాకెట్టు, ఒకామె రవిక, ఇంకొకామె రైక. ఒక ఊళ్ళో పిల్లాడికి నిక్కరు, ఇంకో ఊళ్ళో లాగు. జేబురుమాలు తెలంగాణలో దస్తీ అవుతుంది, అక్కడ రుమాలు అంటే తలకి చుట్టుకునేది. గుడ్డ ఒకటే అయినా పేరు మారితే ఊరు మారుతుంది, తరం మారుతుంది, ఎవరి నోటితో కథ నడుస్తోందో తెలుస్తుంది. గొంగడి కప్పుకున్న తాతని ‘ఉన్ని దుప్పటి కప్పుకున్న వృద్ధుడు’ అని రాసిన రచయిత ఆ తాత ఒంటిమీంచి గొంగడి లాగేసినట్టే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం సమాజం నుంచే వస్తుంది. చీటీలు అంటించింది రచయితలా, ముందు సమాజం కాదా? బాలవితంతువుల తల గొరిగించి నగలు తీయించింది ఎవరు? దొర గడీ ముందు చెప్పులు విప్పి చేత పట్టుకోమన్నది ఎవరు? పెద్దకులాలవాళ్ళ ఎదుట భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకోవాలన్న రూలు ఏ నాటకాల దుకాణం పెట్టింది? బట్ట మనిషి స్థానాన్ని చెప్పి తీరాలని శాసించిన లోకం గురించి రాస్తున్నప్పుడు ఆ గుర్తుల్ని చూపకపోతే అబద్ధం అవుతుంది. ఈ మాటకి నా దగ్గర ఎదురు మాట లేదు, చేర్పు ఒకటి ఉంది. అలాంటి లోకంలో కూడా తువ్వాలు గుర్తుగా నిశ్చలంగా ఉండదు. అది భుజానికీ నడుముకీ మధ్య రోజుకి పదిసార్లు ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణమే కథ. భుజం మీంచి ఎంత తొందరగా దిగింది, దొర దాటిపోయాక ఎంతసేపటికి పైకి వెళ్ళింది, ఏ రోజు దిగడం మానేసింది? కొడుకు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా వీధి దాటితే చావడి అరుగు మీద ఎవరి మాట ఆగింది? ‘పేదవాడు, చిరిగిన తువ్వాలు’ అని రాసి తోసేసినవాడు ఈ కథలన్నిటినీ మడిచి పెట్టెలో పెట్టేశాడు. అణగారిన మనుషుల్ని ఎప్పుడూ చిరుగుల్లోనే చూపడంలో ఒక పొగరు కూడా ఉంది. వాళ్ళకీ పెట్టెలో ఒక మంచి చీర ఉంటుంది, జాతరకి కట్టుకునేది. అది రచయిత కంట పడకపోవడానికి కారణం వాళ్ళ పేదరికం కాదు.

జాతర అనగానే తిరుపతి గంగమ్మ గుర్తుకొస్తుంది. అక్కడ మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కడతారు. ఆ చీర వాళ్ళకి ఎలా వచ్చింది అంటే మొక్కుతో వచ్చింది. ‘పుష్ప’ రెండో భాగంలో కథానాయకుడు ఆ జాతరలో కట్టే మాతంగి వేషం జనాన్ని అంతగా పట్టడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. అంతకుముందు దాకా లుంగీ, ఎత్తిన భుజం గుర్తులుగా మోసుకు తిరిగిన పాత్ర మొదటిసారి ఒక ఊరి నమ్మకం నుంచి వచ్చిన బట్టని కట్టుకుంది.

ఇక చరిత్రలో నిజంగా బతికిన మనిషి పాత్ర అయితే? అక్కడ ఊహకి చోటెక్కడ, ఫొటో చూసి కుట్టించడమే కదా అనిపిస్తుంది. సావిత్రి జీవితం మీద వచ్చిన ‘మహానటి’కి 2018 సంవత్సరానికి దుస్తుల రూపకల్పనలో జాతీయ పురస్కారం వచ్చింది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు దాన్ని పంచుకున్నారు. ఆ పనిలో కష్టం ఎక్కడుందో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. ఆనాటి ఫొటోలూ సినిమాలూ చాలావరకు నలుపు తెలుపు. చీర అంచు ఎంత వెడల్పో ఫొటో చెబుతుంది గానీ ఏ రంగో చెప్పదు, ఎంత బరువో చెప్పదు, నడిస్తే ఎలా పడుతుందో చెప్పదు. ఆ ఖాళీలు నింపడానికి నేతగాళ్ళ దగ్గరకి, ఆనాటి మగ్గాల పద్ధతుల దగ్గరకి వెళ్ళాల్సి వస్తుంది. అంటే మళ్ళీ అదే ప్రశ్న: ఈ చీర ఎక్కడ పుట్టింది, ఎవరు కొన్నారు, ఎప్పుడు?

మన మామూలు సినిమాల్లో తేలిపోయేది ఇక్కడే. కరువుతో ఊరు ఖాళీ అవుతున్న సీనులో రైతు పంచెకి ఇస్త్రీ మడతలు కనపడతాయి. ఎండలో నాట్లు వేస్తున్న గుంపులో ఏ చీరా ఒక్క ఉతుకు కూడా చూడలేదు. కళ్ళజోడులో పవర్ ఉండదు కనుక పెట్టుకున్న నటుడి కళ్ళు ఏమాత్రం చిన్నవిగా కనపడవు. ఇది కాస్ట్యూమర్ల అసమర్థత అనలేం. కొత్త బట్టని పాతది చెయ్యడం వాళ్ళకి బాగానే తెలుసు. టీ డికాక్షన్‌లో ముంచుతారు, రాయికేసి రుద్దుతారు, మోచేతుల దగ్గర ఇసుకకాగితం పెడతారు. మన పరిశ్రమలో ఆ వృత్తికి ఎంత గుర్తింపు ఉందంటే కాస్ట్యూమ్స్ కృష్ణ నటుడయ్యాక కూడా ఇంటిపేరులా దాన్నే మోశాడు. అసలు లోపం వాళ్ళ చేతికి వచ్చే కాగితంలో ఉంది. ‘రైతు, యాభై ఏళ్ళు, తెల్లపంచె, కండువా, నాలుగు జతలు’ అని ఆ కాగితంలో ఉంటే వాళ్ళు నాలుగు కొత్త జతలే కుట్టిస్తారు. ఆ పంచె కూతురి పెళ్ళిలో వియ్యంకుడు పెట్టినదా, కొడుకు హైదరాబాద్ నుంచి పంపినదా, కండువా మీద ఆ మరక ఏ చావు రోజుదో రాసి ఉంటే ఒక్క జతే కుట్టించి దాన్ని వారం రోజులు రాయికేసి ఉతికిస్తారు.